మై లాయ్ ఊచకోతలో లెఫ్టినెంట్ కాలీకి పడిన శిక్ష చూశాక అడుగుతున్నాను: యుద్ధంలో పౌరులను చంపిన సైనికుడిని సైన్యమే విచారించాలా, హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టు విచారించాలా?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం)

మా నాన్నగారు 24 ఏళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేశారు. భోజనాల దగ్గర మొదలైన వాదన మూడు రోజులైనా తెగలేదు. "తూటాలు ఎదురుగా వచ్చే చోట ఒక్క రాత్రి కూడా గడపని జడ్జీలు మా వాళ్లకు తీర్పు చెప్పకూడదు" అన్నది ఆయన మాట.

నేను మై లాయ్ సంగతి ఎత్తాను. 1968 మార్చి 16న వియత్నాంలో, మై లాయ్ ఉన్న సన్ మీ గ్రామంలో అమెరికా సైనికులు వృద్ధులను, స్త్రీలను, పసిపిల్లలను చంపారు. అక్కడి స్మారక స్థలంలో లెక్క 504 మంది. దోషిగా తేలింది ఒక్కడే, లెఫ్టినెంట్ విలియం కాలీ. 1971లో కనీసం 22 మందిని హత్య చేసినందుకు యావజ్జీవం పడింది. మూడు రోజులు తిరగకముందే అధ్యక్షుడు నిక్సన్ అతణ్ణి జైలు నుంచి తీసి తన క్వార్టర్‌లోనే ఉంచమన్నాడు. శిక్ష 20 ఏళ్లకు, తర్వాత 10 ఏళ్లకు తగ్గింది. 1974లో పెరోల్ వచ్చింది. 2024లో, 80 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటివి హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికే వెళ్లాలని నాకు అనిపిస్తోంది. నాన్నగారికి ఏమని చెప్పాలి?

జవాబు 1 (విశ్రాంత సుబేదార్)

అమ్మా, ఆ తీర్పు ఎవరు చెప్పారో కూడా చూడు. అది కోర్టు మార్షల్, అంటే సైన్యం సొంత కోర్టు. తీర్పు చెప్పే జ్యూరీలో ఆరుగురూ సైనికాధికారులే. వారిలో ఐదుగురు వియత్నాంలో పనిచేసి వచ్చినవారు. దాదాపు రెండు వారాలు తర్జనభర్జన పడి, యుద్ధమంటే ఏమిటో తెలిసే దోషి అన్నారు. "పై అధికారి ఆజ్ఞ" అన్న సాకును వాళ్లు ఒప్పుకోలేదు. శిక్షను నీరుగార్చింది రాజకీయం. అప్పుడు నిక్సన్‌కు నిరసనగా ఉత్తరం రాసింది కూడా యూనిఫారంలో ఉన్న ప్రాసిక్యూటరే, కెప్టెన్ ఆబ్రీ డేనియల్.

ఇంకొకటి. ఆ రోజు హెలికాప్టర్‌ను గ్రామస్థులకూ తన తోటి సైనికులకూ మధ్య దించి, మిగిలిన కొందరినైనా కాపాడిన హ్యూ థాంప్సన్ కూడా సైనికుడే. మా వృత్తికి సిగ్గూ ఉంది, మానమూ ఉంది. దాన్ని బయటివాళ్లే నేర్పాలనడం నాకు బాధగా ఉంది.

జవాబు 2 (న్యాయవాది, హైదరాబాదు)

సుబేదార్ గారూ, జ్యూరీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ కేసు జ్యూరీ దాకా రావడానికి మూడేళ్లు ఎందుకు పట్టింది? థాంప్సన్ ఆ రోజే పై అధికారులకు చెప్పాడు. వాళ్లు దాన్ని తొక్కిపెట్టారు. ఏడాది తర్వాత రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు తాను విన్నదంతా ఉత్తరంగా రాసి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) సభ్యులకు పంపితేగానీ దర్యాప్తు మొదలు కాలేదు.

మన దగ్గర పత్రిబల్ సంగతి తీసుకోండి. 2000లో కాశ్మీర్‌లో సైనికులు ఐదుగురిని ఉగ్రవాదులని చెప్పి చంపారు. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని 2006లో సీబీఐ అభియోగపత్రం వేసింది. మామూలు కోర్టా, కోర్టు మార్షలా తేల్చుకోమని 2012లో సుప్రీంకోర్టు సైన్యానికే వదిలింది. సైన్యం కేసును తన చేతికి తీసుకుని, 2014 జనవరిలో సాక్ష్యం లేదని మూసేసింది. ఆ ఐదు కుటుంబాల ముందు నిలబడి సైనిక న్యాయం చాలని చెప్పగలమా?

అమ్మాయి గారికి ఒక మాట. హేగ్ మొదటి మెట్టు కాదు. ఆ కోర్టును ఏర్పరచిన ఒప్పందం, అంటే రోమ్ శాసనం, 17వ అధికరణ ప్రకారం సొంత దేశం నిజాయితీగా విచారించే చోట ఆ కోర్టు అడుగు పెట్టదు. నిందితుణ్ణి కాపాడటానికే విచారణ నాటకం ఆడితే వస్తుంది. అదీ 2002 జూలై 1 తర్వాతి నేరాలకే. పైగా అమెరికా, రష్యా, చైనా, మన దేశం సభ్యులు కావు. అఫ్గానిస్తాన్‌లో తన సైనికుల మీదకు దర్యాప్తు వస్తుందనగానే 2020లో అమెరికా ఆ కోర్టు ప్రాసిక్యూటర్ మీదే ఆంక్షలు పెట్టింది.

జవాబు 3 (మెల్‌బోర్న్)

ఇక్కడ మూడో దారి నడుస్తోంది. అఫ్గానిస్తాన్‌లో ఆస్ట్రేలియా ప్రత్యేక దళాలు 39 మందిని అక్రమంగా చంపినట్టు నమ్మదగిన సమాచారం ఉందని 2020 నవంబరులో బ్రెరెటన్ నివేదిక చెప్పింది. అది సైన్యం సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ చేయించిన విచారణే. ఆ తర్వాత పని మాత్రం సైన్యంతో సంబంధం లేని ప్రత్యేక దర్యాప్తు కార్యాలయానికి, పోలీసులకు ఇచ్చారు. 2023 మార్చిలో ఒక మాజీ సైనికుడి మీద హత్యా అభియోగం మోపారు. అది మామూలు కోర్టుకే వెళ్లింది. నెమ్మదిగా సాగుతోందని కోపం వస్తుంది, కానీ తలుపు మూయలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. జ్యూరీ సంగతికి ఆయన ముఖం వెలిగింది. పత్రిబల్ దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "థాంప్సన్ ఫిర్యాదు తన పై అధికారులకే ఇవ్వాల్సి వచ్చింది కదా. ఆ ఒక్కటీ మార్చాలి. ఫైలు తెరిచేవాడు ఆ యూనిట్ కమాండర్ చేతి కింద ఉండకూడదు. తీర్పు చెప్పేవాళ్లలో మాత్రం యుద్ధం చూసినవాళ్లు ఉండాలి" అన్నారు. శిక్షను తగ్గించే అధికారం ఎవరి చేతిలో ఉండాలని నేను అడిగాను. దాని మీద ఇంకా వాదించుకుంటున్నాం.