స్క్రైబస్‌లో తెలుగు పుస్తకం: నలుపు నాలుగు ప్లేట్ల మీద పడుతోంది, బోల్డ్ రావడం లేదు, వత్తులు తగులుతున్నాయి

ప్రశ్న: గట్టుమీది_పుస్తకం

నమస్కారం అండి. 64 పేజీల కథల సంకలనం ఒకటి స్క్రైబస్ 1.6లో (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) కడుతున్నాం, విండోస్ 11 మీద. సైజు 1/8 డెమ్మీ, అంటే 5.5 × 8.5 అంగుళాలు. లోపల నలుపు ఒక్కటే, అట్ట మాత్రం రంగుల్లో. మ్యాటర్‌లో సగం పేజ్‌మేకర్ రోజుల్లో అనూ అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టింది. మిగతా సగం యూనికోడ్‌లో కొట్టి లిబ్రే ఆఫీసు నుంచి తెచ్చింది. ఫాంటు మండలి, 11.5 పాయింట్లు.

లోపలి అక్షరాలు నాలుగు రంగుల (నీలం, మెజెంటా, పసుపు, నలుపు) ప్లేట్ల మీదా పడుతున్నాయని ప్రెస్సువాళ్లు పీడీఎఫ్ తిప్పి పంపారు. శీర్షికలకు బోల్డ్ పెడదామంటే మండలి పక్కన రెగ్యులర్ తప్ప ఇంకేం కనిపించదు. లిబ్రే ఆఫీసులోనేమో అదే ఫాంటుకు బోల్డ్ వస్తోంది. లైన్ స్పేసింగ్ ఆటోమేటిక్ పెడితే వరుసలు మరీ ఎడంగా ఉంటున్నాయి. ఫిక్స్‌డ్ పెట్టి తగ్గిస్తే రాష్ట్రం, స్త్రీ లాంటి మాటల వత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి. పైగా ప్రతి ఫ్రేములోనూ మొదటి వరుస బాగా కిందికి దిగి మొదలవుతోంది. ఇక అనూ మ్యాటర్ అతికిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. దేనికేం చేయాలో కాస్త చెప్పగలరా?

జవాబు: ప్లేటుమేకర్

ముందు నలుపు సంగతి చూడండి, డబ్బు పోయేది అక్కడే. అక్షరం నాలుగు ప్లేట్ల మీద పడిందంటే పీడీఎఫ్‌లోకి చాలావరకు అది ఆర్‌జీబీ (తెర మీద ఎరుపు, పచ్చ, నీలం కలిపి చూపే పద్ధతి) నలుపుగా వెళ్లిందన్నమాట. ప్రెస్సులో రిప్ (పీడీఎఫ్‌ను ప్లేట్లకు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) దాన్ని నాలుగు రంగులుగా విడగొడుతుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా 11 పాయింట్ల అక్షరం చుట్టూ రంగు నీడ తేలుతుంది.

స్క్రైబస్‌లో ఇది ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఎక్స్‌పోర్ట్ దగ్గర. సేవ్ యాజ్ పీడీఎఫ్ కిటికీలో కలర్ ట్యాబ్ తెరిస్తే అవుట్‌పుట్ ఇంటెండెడ్ ఫర్ అని ఉంటుంది. అది స్క్రీన్/వెబ్ మీద ఉంటే, మీరు ఎంత శుద్ధమైన నలుపు వాడినా ఆర్‌జీబీ అయిపోతుంది. మీ లోపలి పేజీలు ఒకే రంగు కాబట్టి అక్కడ గ్రేస్కేల్ ఎంచుకోండి, వెర్షన్ పీడీఎఫ్ 1.4 చాలు. బొమ్మలతో సహా అన్నీ నలుపు ప్లేటు మీదికే వస్తాయి. అట్టకు మాత్రం ప్రింటర్ ఎంచుకోవాలి. అందుకే అట్టను వేరే ఫైలుగా కట్టండి. రెండూ ఒకే ఫైల్లో ఉంటే ప్రతిసారీ ఈ మీట మార్చడం గుర్తుంచుకోవాల్సి వస్తుంది.

రెండోది రంగుల జాబితా. లిబ్రే ఆఫీసు ఫైలునూ ఎస్‌వీజీ బొమ్మలనూ దింపుకున్నప్పుడు వాటిలోని నలుపు కొత్త ఆర్‌జీబీ రంగుగా జాబితాలో చేరుతుంది. సాధారణంగా ఫ్రమ్ అని మొదలయ్యే పేరుతో ఉంటుంది. గ్రేస్కేల్‌లో ఇది పెద్దగా బాధించదు గానీ అట్ట మీద కొంప ముంచుతుంది. ఎడిట్ మెనూలో కలర్స్ అండ్ ఫిల్స్ తెరిచి అలాంటి నలుపును డిలీట్ కొట్టండి. దాని బదులు ఏది పెట్టాలని అడుగుతుంది, బ్లాక్ ఇవ్వండి. ఆ రంగు ఎక్కడెక్కడ వాడారో అన్నిచోట్లా మారిపోతుంది. స్క్రైబస్‌తో వచ్చే బ్లాక్ అనేదే 0, 0, 0, 100, అంటే మిగతా మూడు సిరాలూ సున్నా, నలుపు ఒక్కటే నూరు శాతం. దాని పక్కనే ఉండే రిచ్, వార్మ్, కూల్ బ్లాక్‌లు పెద్ద పట్టీలకు పనికొస్తాయి, చదివే అక్షరాలకు ఎప్పుడూ వద్దు. రిజిస్ట్రేషన్ అన్న రంగు కూడా కంటికి నలుపులాగే ఉంటుంది, అది అన్ని ప్లేట్ల మీదా పడుతుంది. దాన్ని అసలు ముట్టుకోకండి.

పంపే ముందు మీరే చూసుకోవచ్చు. ఘోస్ట్‌స్క్రిప్ట్ (పీడీఎఫ్‌ను చదివి చూపే సాఫ్ట్‌వేర్) విడిగా ఇన్‌స్టాల్ చేయండి, విండోస్‌లో అది లేకపోతే ప్రివ్యూలు సరిగా పనిచేయవు. తర్వాత ఫైల్ మెనూలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి, సిరాల జాబితాలో బ్లాక్ ఒక్కటి తీసేసి చూడండి. పేజీ తెల్లగా మిగిలితే సరే. అక్షరాల మరక ఏ కొంచెం కనిపించినా ఆ ఫ్రేము రంగు ఇంకా తప్పే. పూర్తయిన పీడీఎఫ్‌ను ఘోస్ట్‌స్క్రిప్ట్‌లోని ఇంక్‌కవ్ (ఏ సిరా ఎంత పడుతుందో లెక్కించేది) డివైస్‌తో నడిపినా పేజీకో వరుస చొప్పున నాలుగు అంకెలు వస్తాయి. లోపలి పేజీలన్నిటికీ మొదటి మూడూ 0.00000 ఉండాలి, నాలుగోది మాత్రమే నిండాలి. 64 పేజీలు కంటితో తిప్పడం కన్నా ఇదే నయం.

జవాబు: వత్తుకింద_వత్తు

ఫాంటు, వరుసల విషయం నేను చెప్తాను.

మండలికి ఉన్నదే ఒక్క రూపం. లిబ్రే ఆఫీసు రెగ్యులర్‌నే లావు చేసి బోల్డ్ అని చూపిస్తుంది. స్క్రైబస్ ఆ పని చేయదు, ఫాంటు ఫైల్లో ఉన్న రూపాలనే జాబితాలో పెడుతుంది. అచ్చుపనికి అదే మంచిది కూడా. శీర్షికలకు రామభద్ర వాడండి, పుట్టుకతోనే లావుగా ఉంటుంది, మండలితో బాగానే కలుస్తుంది. పేరాల మధ్యలో కూడా బోల్డ్ కావాలంటే పుస్తకం మొత్తాన్ని హింద్ గుంటూరుకు మార్చడమే శుభ్రం. లైట్ నుంచి బోల్డ్ దాకా ఐదు బరువులు వేర్వేరు ఫైళ్లుగా వస్తాయి. నోటో సెరిఫ్ తెలుగులోనూ చాలా బరువులున్నాయి గానీ, గూగుల్ ఫాంట్స్ నుంచి దింపిన జిప్‌లో వేరియబుల్ ఫైలు (అన్ని బరువులూ ఒకే ఫైల్లో ఉండేది) వదిలేసి స్టాటిక్ ఫోల్డరులోవే ఇన్‌స్టాల్ చేయండి. వేరియబుల్ ఫాంటుతో స్క్రైబస్ 1.6కు ఇంకా పొసగదు. కొత్త ఫాంటు పెట్టాక స్క్రైబస్ మూసి తెరవాలి. ఫాంట్లు వేరే ఫోల్డరులో ఉంచుకుని ప్రిఫరెన్సెస్‌లో అడిషనల్ పాత్స్‌కు చేర్చాలంటే, ఏ డాక్యుమెంటూ తెరిచి ఉండకూడదు. తెరిచి ఉంటే ఆ పెట్టె కదలదు.

వరుసల ఎడం: ఆటోమేటిక్ అంటే ఫాంటు చెప్పిన ఎత్తు, లోతు కలిపి తీసుకుంటుంది. తెలుగు ఫాంట్లలో ఈ అంకెలు పెద్దవి, కింద రెండు వత్తులు, పైన గుడి పట్టాలి కదా. కాబట్టి ఫిక్స్‌డే సరి, అంకె మాత్రం పరీక్షించి పెట్టాలి. ఓ ఖాళీ ఫ్రేములో మూడు వరుసలు కొట్టండి. మొదటి వరుస నిండా రాష్ట్రం, స్త్రీ, వస్త్రం. రెండో వరుస నిండా గీ, శ్రీ, కౌ, ఠీవి. మూడో వరుసలో మళ్లీ మొదటిదే. 400 శాతం జూమ్‌లో పై వరుస వత్తుకూ కింది వరుస గుడికీ మధ్య తెల్లటి సందు కనిపించేదాకా అర పాయింటు చొప్పున పెంచండి. 11.5 పాయింట్లకు 17 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఇంగ్లీషు పుస్తకాల్లోలాగా 14 పెడితే తెలుగుకు ఊపిరాడదు.

17 కుదిరితే డాక్యుమెంట్ సెటప్‌లో బేస్‌లైన్ గ్రిడ్‌ను (వరుసలు కూర్చునే కనిపించని గీతలు) కూడా 17 చేయండి. పేరా స్టైల్లో అలైన్ టు బేస్‌లైన్ గ్రిడ్ పెడితే ఎదురెదురు పేజీల వరుసలు ఒకే ఎత్తులో నిలుస్తాయి. మీ పేజీ ఎత్తు 215.9 మిల్లీమీటర్లు. పైన 22, కింద 26 వదిలితే 167.9 మిగులుతుంది, అది దాదాపు 28 వరుసల ఎత్తు.

మొదటి వరుస కిందికి దిగడానికీ కారణం ఆ ఫాంటు ఎత్తే. ఎఫ్3తో వచ్చే కంటెంట్ పాలెట్‌లో ఫస్ట్ లైన్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. దాన్ని లైన్ స్పేసింగ్‌కు, గ్రిడ్ వాడుతుంటే బేస్‌లైన్ గ్రిడ్‌కు మార్చండి.

మీరు అడగలేదు గానీ, జస్టిఫై చేస్తే తెలుగులో తప్పక వచ్చే మాట ఇంకొకటి. మన మాటలు పొడుగు. వరుసకు ఐదారు మాటలే పడితే మధ్యలో సందులు నదుల్లా పారతాయి. గ్లిఫ్ ఎక్స్‌టెన్షన్‌ను (అక్షరాన్ని అడ్డంగా సాగదీసే శాతం) 98 నుంచి 102 లోపు ఉంచండి, అంతకు మించి సాగదీస్తే గుండ్రటి అక్షరాలు కోడిగుడ్లవుతాయి. మరీ ఎడమైన వరుసల్లో పొడుగు మాట మధ్యన, అక్షరం పూర్తయ్యే చోట సాఫ్ట్ హైఫన్ పెట్టండి. అది విరిగితేనే కనిపిస్తుంది, మ్యాటర్ జరిగితే దానంతటదే మాయమవుతుంది. మామూలు హైఫన్ కొడితే మాత్రం తర్వాత వరుస మధ్యలో తేలి కూర్చుంటుంది.

జవాబు: పాత_మ్యాటర్

అనూ మ్యాటర్ యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అమర్చిన ఫాంటు అది. కాబట్టి అతికిస్తే మీరు చూస్తున్నది అసలు సరుకే, దాన్ని మార్చక తప్పదు. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఏ వెర్షన్ అనూలో కొట్టారో చూసి అదే ఎంచుకోండి, లేకపోతే కొన్ని వత్తులు తారుమారవుతాయి. మ్యాటర్ మధ్యలో నిజమైన ఇంగ్లీషు మాటలుంటే కన్వర్టర్ వాటినీ తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది. వాటిని ముందే గుర్తు పెట్టుకోండి. మార్చాక లిబ్రే ఆఫీసులో పెట్టి సున్నా (ం) బదులు 0 అంకె పడిన మాటలు వెతకండి, అచ్చులో దాదాపు తేడా తెలియదు గానీ వెతుకులాటలో ఆ మాట దొరకదు.

స్క్రైబస్‌లోకి వచ్చాక ఎక్కడైనా చుక్కల వలయం కనిపిస్తే ఫాంటును తిట్టకండి. గుణింతం గుర్తు ముందు హల్లు లేదనో, రెండు గుర్తులు ఒకేచోట పడ్డాయనో దానర్థం. అక్కడ తుడిచి మళ్లీ కొట్టాలి.

బోల్డ్ గురించి: ఒక్క శీర్షిక కోసమైతే అవుట్‌లైన్ ఎఫెక్ట్ పెట్టి, గీత రంగూ నింపే రంగూ రెండూ బ్లాక్ ఇస్తే మండలే లావుగా వస్తుంది. కొత్త ఫాంటు అక్కర్లేదు.

జవాబు: వత్తుకింద_వత్తు

@పాత_మ్యాటర్ గారూ, 30 పాయింట్ల పైన శీర్షికకు సరే. ఆ గీత మందం ఫాంటు సైజులో శాతంగా లెక్కవుతుంది, 1 శాతం దాటనివ్వకండి. 12 పాయింట్ల ఉపశీర్షికకు మాత్రం వద్దు. ష, ఘ, ఝల లోపలి సందులు పూడిపోయి, సిరా పరుచుకున్నాక ముద్దగా మారతాయి. సిరా పీల్చే కాగితం మీద మరీను.

@గట్టుమీది_పుస్తకం గారూ, ఫైలును ఇంకెవరి దగ్గరైనా తెరవాల్సి వస్తే వాళ్ల దగ్గర 1.4 లేకుండా చూసుకోండి. 1.6లో సేవ్ చేసింది అందులో తెరుచుకోదు, పైగా 1.4కు తెలుగు వత్తులు కట్టడమే రాదు. బొమ్మలు ఫైల్లో ఉండవు, దారి మాత్రమే ఉంటుంది. కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్‌తో బొమ్మలూ ఫాంట్లూ ఒకే ఫోల్డరులోకి తీసి ఇవ్వండి.

గట్టుమీది_పుస్తకం

అందరికీ ధన్యవాదాలు. గ్రేస్కేల్‌తో లోపలి పేజీలు సరిపోయాయి, బ్లాక్ తీస్తే పేజీ తెల్లగా ఉంది. ఇంకో రెండు. ప్రెస్సువాళ్లు పేజీలు ఫారాలుగా (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల జట్లు) కూర్చడానికి పీడీఎఫ్‌ను కోరల్‌డ్రాలో తెరుస్తారట, అక్కడ తెలుగు చెదురుతోందంటున్నారు. అట్టకు పీడీఎఫ్/ఎక్స్ (అచ్చుపని కోసం ఏర్పరచిన పీడీఎఫ్ రకం) కావాలన్నారు. అది ఎంచుకుంటే సేవ్ బటన్ వెలగడం లేదు.

జవాబు: ప్లేటుమేకర్

కోరల్‌లో తెరిచేటప్పుడు అక్షరాలను టెక్స్ట్‌గా కాకుండా కర్వ్స్‌గా దింపుకోమని చెప్పండి. వాళ్లు వినకపోతే మీరే సేవ్ యాజ్ పీడీఎఫ్‌లో ఫాంట్స్ ట్యాబ్‌కు వెళ్లి ఎంబెడ్ బదులు అవుట్‌లైన్ పెట్టి ఇవ్వండి. అప్పుడు చెదరడానికి అక్షరాలే ఉండవు, అన్నీ గీతలే. ఫైలు బరువెక్కుతుంది, అందులో మాటలు వెతకలేరు. నెట్‌లో పెట్టే కాపీ ఎంబెడ్‌తో వేరేగా తీసుకోండి. ఫారాలు మీరు కూర్చనక్కర్లేదు, స్క్రైబస్‌లో ఆ సదుపాయం లేదు కూడా. 16 పేజీల ఫారం లెక్కన 64 పేజీలకు నాలుగు ఫారాలు నిండుగా వస్తాయి, విడి పేజీలు వరుసగా ఇస్తే చాలు.

సేవ్ వెలగకపోవడానికి కారణం ప్రీ-ప్రెస్ ట్యాబ్‌లో ఇన్ఫో స్ట్రింగ్ ఖాళీగా ఉండడం. పుస్తకం పేరు కొట్టండి, వెలుగుతుంది. పీడీఎఫ్/ఎక్స్ వెర్షన్లు జాబితాలో కనిపించాలంటే డాక్యుమెంట్ సెటప్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ అయి ఉండాలి, మీకు అది అయినట్టే ఉంది. అట్ట మీద నీడలు గానీ, వెనక పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ గానీ ఉంటే ఎక్స్-4 తీసుకోండి. ఎక్స్-1ఏ, ఎక్స్-3 రెండూ పారదర్శకతను ఒప్పుకోవు, ప్రీఫ్లైట్ వెరిఫయర్ అక్కడే ఆపుతుంది. ప్రెస్సు ఎక్స్-1ఏనే కావాలంటే ఆ బొమ్మను గింప్‌లో ఫ్లాటెన్ చేసి మళ్లీ పెట్టండి.

అట్టకు నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోసే గీత దాటి బయటికి పోనిచ్చే రంగు) డాక్యుమెంట్ సెటప్‌లోనే ఇచ్చి, ప్రీ-ప్రెస్‌లో యూజ్ డాక్యుమెంట్ బ్లీడ్స్ టిక్ పెట్టండి. క్రాప్ మార్కుల ఆఫ్‌సెట్ 3కు తక్కువైతే కటింగ్ గీతలు బ్లీడ్ రంగు మీదే పడతాయి, కట్టర్ దగ్గర మనిషికి కనిపించవు.