మాటిమాటికీ మెయిల్ చూడటం ఎట్లా తగ్గించుకోవాలి?

ప్రశ్న (నల్లగొండ):
అందరికీ నమస్తే. నేను ఇక్కడ ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్‌టీ రిటర్నుల పని చేస్తాను. క్లాక్ టవర్ చుట్టుపక్కల షాపుల వాళ్లు బిల్లులన్నీ మెయిల్‌కే పంపుతారు. పని ఉన్నా లేకపోయినా చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. ఎంట్రీలు కొడుతూ మధ్యలో మెయిల్ తెరిస్తే, ఏ బిల్లు దగ్గర ఆగానో మళ్లీ వెతుక్కోవాలి. పొద్దున పాపకు జడ వేస్తూ కూడా అదే వరస. నోటిఫికేషన్లు ఆపేద్దామంటే సార్ నుంచి అర్జెంటు మెయిల్ వస్తే ఎట్లా అని టెన్షన్. దారి చెప్పండి.

జవాబు (మహబూబ్‌నగర్):
అక్కా, మీ భయం సబబే. ముందు ఆ భయం పోవాలి, అప్పుడు చూడటం దానంతటదే తగ్గుతుంది. "ఇక చూడను" అని ఒట్టు పెట్టుకుంటే నిలవదు. వచ్చేవాటిలో నిజంగా ముఖ్యమైనవి ఒకటో రెండో ఉంటాయి కదా.

సార్‌తో ఒక మాట అనుకోండి. గంటలోపు కావాల్సిన పనైతే ఫోన్ చేయాలి, మిగతావి మెయిల్‌లో పంపాలి. ఈ మాట అడగడానికే చాలామంది వెనకాడతారు. నా లెక్కన సగం పని అక్కడే అయిపోతుంది.

తర్వాత జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, సార్ అడ్రస్‌కు ఫిల్టర్ పెట్టి, ఆ మెయిళ్లకు ఒక లేబుల్ తగిలించండి. ఇది ఫోన్ యాప్‌లో కుదరదు. ఆపైన ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి మీ అకౌంట్ నొక్కండి. లేబుళ్ల దగ్గర ఆ ఒక్క లేబుల్‌కు సింక్, నోటిఫికేషన్ రెండూ ఆన్ చేసి, ఇన్‌బాక్స్ నోటిఫికేషన్ ఆఫ్ చేయండి. అకౌంట్ మొత్తానికి ఉండే నోటిఫికేషన్ మాత్రం 'ఆల్' మీదే ఉంచాలి. 'నన్' పెడితే ఏదీ మోగదు. ఇట్లా చేస్తే మెయిల్ శబ్దం వచ్చిందంటే అది సార్ దగ్గరి నుంచే. మోగలేదంటే నిశ్చింతగా ఎంట్రీలు కొట్టుకోవచ్చు.

ఇక వేళలు. ఆఫీసుకు రాగానే మెయిల్ తెరవకండి, ఒక షాపు ఎంట్రీలు ముగించాకే తెరవండి. మళ్లీ భోజనమయ్యాక, బయల్దేరే ముందు ఒకసారి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు కుష్లెవ్, డన్ 124 మందితో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఒక వారం రోజుకు మూడుసార్లే చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లైనా చూసుకోమన్నారు. మూడుసార్లే చూడమన్న వారంలో వాళ్లకు ఒత్తిడి తగ్గింది.

జవాబు (దేవరకొండ):
పైన చెప్పినవన్నీ సరైనవే. దానికి తోడు, షాపింగ్ ప్రకటనల మెయిళ్లు వస్తుంటే తెరిచి అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టండి, చెరిపేస్తే మళ్లీ వస్తాయి. కంప్యూటర్‌లో మెయిల్ ట్యాబ్ మూసేసి పని చేయండి. కళ్ల ముందు ఉంటే చూడకుండా ఉండలేం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్. లేబుల్ పెట్టాను, సార్ కూడా సరే అన్నారు. ఇంకో సందేహం. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను), 20న జీఎస్‌టీఆర్-3బీ (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) గడువు. ఆ రోజుల్లో బిల్లులు ఆఖరి గంటలో వస్తాయి. అప్పుడు మూడుసార్లు సరిపోదు.

జవాబు (మహబూబ్‌నగర్):
సరిపోదు అక్కా, ఆ రోజుల్లో గంటకోసారి చూడండి. పని అడిగినప్పుడు చూడటంలో తప్పేం లేదు, మనం తగ్గించాలనుకునేది ఉత్తినే చూడటాన్ని. కాకపోతే షాపుల వాళ్లకు ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి: "బిల్లులు 7వ తేదీలోపు పంపండి, ఆ తర్వాత పంపితే ఫోన్ చేసి చెప్పండి." అందరూ వినరు. విన్నవాళ్ల బిల్లులు ముందే అయిపోతాయి, 11న ఎదురుచూడాల్సింది మిగతావాళ్ల కోసమే. ఆలస్యం ఎవరు చేస్తారో మీకు ఎట్లాగూ తెలుసు, 9న వాళ్లకు మీరే ఒక ఫోన్ కొట్టండి.