మెడికల్ ఐసోటోపుల రియాక్టర్‌ను ప్రైవేటుకు ఇవ్వొచ్చా?

చిత్తూరు కుర్రోడు: మా పిన్నికి రొమ్ము క్యాన్సర్. ఎముకలకు పాకిందేమో చూడాలని బోన్ స్కాన్ రాశారు. తిరుపతికి పోతే స్కాన్‌కు ఎక్కించే ఐసోటోపు (రేడియేషన్ వెలువరించే పదార్థం) సరుకు రాలేదు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ వారం ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతిలో మెడికల్ ఐసోటోపుల రియాక్టర్ కడతామని 2020 మేలో కేంద్రం ప్రకటించింది కదా, ప్రైవేటుకైనా ఇచ్చి తొందరగా కట్టించాలని నా మాట.

రేణిగుంట శీను: అసలు రియాక్టర్ ఎందుకన్నా? యూరప్ నుంచో ఆస్ట్రేలియా నుంచో తెప్పించుకుంటే పోలా? ఆ డబ్బుతో సైక్లోట్రాన్లు (రియాక్టర్ లేకుండానే ఐసోటోపులు చేసే యంత్రాలు) పెట్టి పెట్ స్కాన్లు పెంచితే మేలు.

హాట్‌ల్యాబ్ అక్క: శీనూ, నేను ఆసుపత్రిలో ఐసోటోపులు సిద్ధం చేసే హాట్‌ల్యాబ్ పనిలోనే ఉన్నా. పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 హాఫ్ లైఫ్ (సగం కరిగిపోయే సమయం) 110 నిమిషాలు, చెన్నై నుంచి కారులో తెచ్చేందుకు మూడు గంటలు పడితే మూడో వంతు కూడా మిగలదు. బోన్ స్కాన్‌కు మేం వాడేది టెక్నీషియం-99ఎం, అది రియాక్టర్‌లో తయారయ్యే మోలిబ్డినమ్-99 నుంచి వస్తుంది. సీసం కవచంలో ఉన్న జనరేటర్‌కు (మోలిబ్డినమ్ నింపిన పరికరం) పొద్దున్నే ఒక సూదికి సెలైన్ వయల్, రెండో సూదికి గాలి తీసేసిన వయల్ గుచ్చుతాం, సెలైన్ కాలమ్ గుండా దిగి టెక్నీషియంను కడిగి తెస్తుంది. మోలిబ్డినమ్ హాఫ్ లైఫ్ 66 గంటలే, రోజుకు 22 శాతం కరిగిపోతుంది, సోమవారం బలం శుక్రవారానికి మూడో వంతు పైచిలుకే. గోడౌన్లో దాచే సరుకు కాదిది. విమానం ఆలస్యమైతే పేషెంట్లను వెనక్కి పంపాల్సిందే.

శీను: సరే అక్కా, మన ధ్రువ రియాక్టర్ ఉంది కదా ముంబై ట్రాంబేలో?

హాట్‌ల్యాబ్ అక్క: ఉంది, 1985 నాటిది. అక్కడిదే సిరస్ రియాక్టర్ 2010లో మూతపడ్డాక భారం ప్రధానంగా దానిమీదే. ఒక్కదాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో కెనడాలో చూశాం. ఐసోటోపుల కోసమే కట్టిన రెండు మేపుల్ రియాక్టర్లలో పవర్ పెంచితే రియాక్టివిటీ (చైన్ రియాక్షన్ జోరు) తగ్గాల్సింది పోయి పెరిగింది, సరిచేయలేక 2008లో వదిలేశారు. మరుసటి ఏడాదే అక్కడి 1957 నాటి ఎన్‌ఆర్‌యూ రియాక్టర్‌లో భారజలం లీకై 2010 ఆగస్టు దాకా ఆగిపోయింది. ఆ మధ్యలోనే నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టర్ కూడా రిపేరుకు ఆగింది. ఎన్నో దేశాల్లో స్కాన్లు వాయిదా పడ్డాయి.

చిత్తూరు కుర్రోడు: అందుకేగా అక్కా రెండోది కావాలంటున్నా! ఎవరు కడితే ఏం?

హాట్‌ల్యాబ్ అక్క: కట్టడం కాదు తమ్ముడూ, ఖాళీగా ఉంచడం దగ్గరే చిక్కు. ఒకటి ఆగితే ఇంకోటి అందుకోవాలంటే మామూలు రోజుల్లో కొంత కెపాసిటీ వాడకుండా పక్కన పెట్టాలి. దానికి రాబడి లేదు, లాభం చూసుకునే కంపెనీ ఎందుకు ఉంచుతుంది? జనరేటర్ల తయారీ, రవాణా ప్రైవేటుకు ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. రియాక్టర్ మాత్రం సర్కారు చేతిలోనే ఉండాలి.

శీను: రిజర్వు కెపాసిటీకి ప్రభుత్వమే డబ్బు కడుతుందని ఒప్పందంలో రాసుకుంటే?

హాట్‌ల్యాబ్ అక్క: అలా రాసి, ఇవ్వలేకపోతే జరిమానా కూడా పెడితే ఒప్పుకుంటా. ఆ షరతు లేని ఒప్పందం మాత్రం ఎంత తొందరగా వచ్చినా నాకు వద్దు.