వెరపమిల్ ఓవర్‌డోస్, ఎలుకల మోడల్: ఇన్సులిన్ గ్రూపుకి ఏ మత్తు?

మల్లేశ్వరం_ఫార్మా:
నమస్కారమండీ. పని బెంగళూరులోనే. 300 గ్రాముల విస్టార్ జాతి ల్యాబ్ ఎలుకల్లో వెరపమిల్ (కాల్షియం చానెళ్లు మూసే బీపీ, గుండె మందు) ఓవర్‌డోస్‌కి ఇన్సులిన్, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (సిరలోకిచ్చే కొవ్వు ద్రవం), సెలైన్ పోల్చాలి. మత్తుకి కీటమిన్-జైలజిన్ అనుకున్నాం. వెరపమిల్ కిలోకి గంటకి 37.5 మి.గ్రా., 2.5 మి.గ్రా./మి.లీ. ఆంపూల్ నుంచి నేరుగా సిరలోకి. ఫారం-బి (జంతు ప్రయోగానికి అనుమతి దరఖాస్తు) ఇంకా ఐఏఈసీకి, అంటే సంస్థలోని జంతు నైతిక కమిటీకి, పంపలేదు. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి.

యలహంక_టాక్స్:
ముందు జైలజిన్ కొట్టేయండి. అది ఆల్ఫా-2 గ్రాహకాల మీద పనిచేసే మందు. క్లోమం నుంచి ఇన్సులిన్ రానివ్వదు, గుండె వేగాన్నీ తగ్గిస్తుంది. వెరపమిల్ చేసేదీ అదే కదా! క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో ఎల్-టైప్ కాల్షియం చానెళ్లు మూసుకుపోయి ఇన్సులిన్ ఆగుతుంది, చక్కెర పెరుగుతుంది. ఇన్సులిన్ ఇవ్వడానికి ఒక కారణమే అది. రెండూ కలిస్తే ఏది దేని పనో తేలదు. యురేథేన్ కూడా చక్కెర పెంచుతుంది, పైగా క్యాన్సర్ కారకం. పెంటోబార్బిటాల్ నయం. ఊపిరి మందగిస్తుంది కాబట్టి ట్రాకియాలో (శ్వాసనాళంలో) గొట్టం వేసి వెంటిలేటర్ మీద ఉంచండి. అడుగున హీటింగ్ ప్యాడ్, మలద్వారంలో ప్రోబ్, 37 డిగ్రీలు. చల్లబడితే గుండె వేగం దానంతటదే పడిపోతుంది, నెపం వెరపమిల్ మీదకి పోతుంది.

ఇక ఆంపూల్. మీ డోసుకి గంటకి 11.25 మి.గ్రా., అంటే 4.5 మి.లీ. ఆ ఎలుక ఒంట్లో ఉన్న రక్తమే సుమారు 19 మి.లీ.! పౌడర్‌తో 10 మి.గ్రా./మి.లీ. చేసుకుంటే గంటకి 1.1 మి.లీ.తో సరిపోతుంది. పీహెచ్ 6 దాటితే వెరపమిల్ విరిగి అడుగున పడుతుంది. బైకార్బనేట్ ఇవ్వాల్సి వస్తే వేరే లైన్‌లో.

చికిత్స గడియారం చూసి కాదు, కరోటిడ్ (మెడ ధమని) లైన్‌లో సగటు బీపీ మొదటిదానిలో సగానికి పడగానే మొదలుపెట్టండి. అప్పుడే అన్ని ఎలుకలూ ఒకే లోతులో ఉంటాయి.

జయనగర్_ల్యాబ్:
పై మాటతో ఏకీభవిస్తా. ఇన్సులిన్‌తో జాగ్రత్త, మన మెడికల్ షాపుల్లో మి.లీ.కి 40 యూనిట్ల వయల్, మి.లీ.కి 100 యూనిట్ల వయల్ రెండూ దొరుకుతాయి. లేబుల్ చూడకపోతే రెండున్నర రెట్ల తేడా. కిలోకి 1 యూనిట్ బోలస్ (ఒకేసారి ఇచ్చే డోసు) అంటే ఈ ఎలుకకి 0.3 యూనిట్. 40 వయల్‌లో అది 7.5 మైక్రోలీటర్లు, చేత్తో కొలవలేరు. సెలైన్‌లో 1 యూనిట్/మి.లీ.కి పలచన చేస్తే 0.3 మి.లీ. అవుతుంది. ఇన్సులిన్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. గొట్టం నింపి కాసేపాగి, అది పారబోసి మళ్లీ నింపి, అప్పుడు ఎలుక లైన్‌కి తగిలించండి.

లిపిడ్ పాలలా తెల్లగా ఉంటుంది, ఎవరికేం ఇచ్చారో చూడగానే తెలిసిపోతుంది. సిరంజికీ లైన్‌కీ రేకు చుట్టండి, బీపీ ట్రేస్‌లు చదివే మనిషిని గదిలోకి రానీయకండి. లిపిడ్ ఎన్ని మి.లీ. ఎక్కిస్తే సెలైన్ గ్రూపుకీ అన్ని మి.లీ. ఎక్కించాలి. లిపిడ్ తర్వాతి ప్లాస్మా పాలలా ఉంటుంది, రంగు చూసి లెక్కగట్టే పరీక్షలు తప్పు చెబుతాయి.

బ్లడ్ గ్యాస్ మెషిన్‌లో గాలి పీడనం 760 మి.మీ. పాదరసం అని ఉందేమో చూడండి. అది సముద్రమట్టం దగ్గరున్న చెన్నై లెక్క. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ 680-690 మధ్యే.

మల్లేశ్వరం_ఫార్మా:
ఎంతో మేలు చేశారు. ఇన్సులిన్‌తో చక్కెర మరీ పడిపోకుండా డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) కూడా ఇవ్వాలి కదా, అది లెక్కలోకి రాదా?

యలహంక_టాక్స్:
ఎందుకు రాదండీ, డెక్స్‌ట్రోస్ ఒక్కటే ఇచ్చే నాలుగో గ్రూపు పెట్టాల్సిందే. చక్కెర 10-15 నిమిషాలకోసారి, పొటాషియం మధ్యలో ఒకటి రెండుసార్లు. ఇన్సులిన్ పొటాషియంని కణాల్లోకి నెట్టేస్తుంది. చావుని ఎండ్‌పాయింట్‌గా (ప్రయోగం ముగిసే గుర్తుగా) రాయకండి. ఫలానా బీపీ కింద ఇన్ని నిమిషాలుంటే మత్తు ఎక్కువిచ్చి ముగిస్తామని రాయండి. ఎలుకలకి ఆ మత్తులోంచి మెలకువ రాదని కూడా ఫారంలోనే పెట్టండి.