కొత్త గిగాబిట్ స్విచ్ పెట్టినా ఒక సిస్టమ్ 100 దగ్గరే ఆగిపోతోంది

స్టూడియో తిరుపతి:
బైరాగిపట్టెడలో మాకు ఫోటో స్టూడియో ఉంది. కింద షాపులో మూడు సిస్టములు, మేడ మీద ఆల్బమ్ డిజైనింగ్‌కి రెండు. ముహూర్తాల రోజుల్లో తిరుచానూరులో ఒక్క పెళ్లి చేసొస్తేనే 40 జీబీ ఫోటోలు, అవి కింద నుంచి పైకి కాపీ అయ్యేసరికి గంట పడుతోంది. పాత స్విచ్ (సిస్టములన్నిటినీ కేబుళ్లతో కలిపే పెట్టె) వల్లే అనుకుని ఎనిమిది పోర్టుల గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్లు, అంటే 1000 ఎంబీపీఎస్) స్విచ్ కొన్నాను. మిగతా నాలుగూ బాగున్నాయి, పైన ఒకటి మాత్రం 100 ఎంబీపీఎస్ అనే చూపిస్తోంది, కాపీ స్పీడు సెకనుకు 11 మెగాబైట్లు దాటదు. రూటర్ కూడా మార్చాలా? పార్టీలకు ఆల్బమ్ తేదీలు చెప్పేశాను, టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు కేబుల్ పని:
రూటర్ జోలికి పోవద్దన్నా. సిస్టములకు ఐపీలు (నెట్‌వర్క్ నంబర్లు) ఇవ్వడం, బయట నెట్‌తో కలపడం దాని పని. అన్నీ ఒకే స్విచ్‌లో ఉన్నప్పుడు ఫైలు రూటర్ దాకా పోనే పోదు, ఏ పోర్టులో ఏ మ్యాక్ అడ్రస్ (ప్రతి సిస్టమ్ నెట్‌వర్క్ కార్డుకీ ఉండే సొంత నంబరు) ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుని నేరుగా అటే పంపుతుంది (స్విచ్‌లకు ముందు హబ్‌లనే పెట్టెలు వాడిన రోజుల్లో ఒకరు పంపింది అన్ని పోర్టులకూ పోయేది, ఇద్దరు ఒకేసారి పంపితే గుద్దుకునేవి, ఆ బాధ ఇప్పుడు లేదు).

కేబుల్ చూడండి. లోపల నాలుగు జతల తీగలుంటాయి. 100కి ఆరెంజ్, గ్రీన్ జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. బ్లూలోనో బ్రౌన్‌లోనో ఒక్క తీగ పోతే లింక్ తెగదు, 100కి దిగి నడుస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ కేబుల్ తీసి పక్క సిస్టమ్‌కి పెట్టి చూడండి.

నెట్‌వర్క్ మిత్ర:
కేబుల్ సీసీఏ రకమేమో కూడా చూడండి, అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. వంపుల దగ్గర తొందరగా విరుగుతుంది. మార్చాల్సివస్తే నాలుగు డబ్బులు ఎక్కువైనా ప్యూర్ కాపరే వేయించండి. కేబుల్ పొడవుకి 100 మీటర్ల లిమిట్ ఉంది గానీ మేడ మీదికే కాబట్టి మీకు దాంతో పనిలేదు. కరెంటు వైరున్న పైపులో మాత్రం లాగనివ్వొద్దు.

స్టూడియో తిరుపతి:
పక్క సిస్టమ్‌కి పెడితే అదీ 100కి దిగింది! పైన కనెక్టర్‌ని వెలుతురుకు పెట్టి చూస్తే ఏడు తీగలు చివరిదాకా వచ్చాయి, బ్రౌన్ ఒక్కటి మాత్రం నువ్వుగింజంత వెనకే ఆగిపోయింది. కత్తిరించి కొత్త కనెక్టర్ క్రింప్ చేయించాను (నొక్కి బిగించడం), గీకితే లోపల రాగే. ఇప్పుడు 1 జీబీపీఎస్ అని వస్తోంది, నిన్నటి పెళ్లి మొత్తం ఏడు నిమిషాల్లో పైకి ఎక్కింది. చాలా థాంక్స్ అన్నా, రూటర్ ఖర్చు తప్పించారు.