'ప్రాక్టికల్ మ్యాజిక్': గ్యారీ వచ్చింది ప్రేమ కోసమా, మంత్రం లాగితేనా?

నీలికలువ:
1998 నాటి ఈ సినిమా నిన్న మళ్లీ చూశాను. సాండ్రా బుల్లక్ (సాలీ), నికోల్ కిడ్‌మన్ (జిలియన్) అక్కచెల్లెళ్లు. ఓవెన్స్ ఇంటి ఆడవాళ్లను ప్రేమించిన మగవాడు బతకడు, అదీ శాపం. ఆ భయంతో సాలీ చిన్నప్పుడే ఓ మంత్రం వేస్తుంది: ఒక కన్ను నీలం, ఒకటి ఆకుపచ్చ ఉండాలి, పాన్‌కేకుల్ని గాల్లో తిప్పాలి. అలాంటివాడు పుట్టడు కాబట్టి తనకు ప్రేమ బాధే ఉండదని ధీమా. ఏళ్ల తర్వాత అచ్చం అలాంటి గ్యారీయే గుమ్మంలో నిలబడతాడు. మంత్రం లాక్కొచ్చిన మనిషికి ఇష్టాయిష్టాలు ఎక్కడివి? మొదటి భర్త మైకేల్ విషయంలోనూ పెంచిన పెద్దవాళ్లు ఫ్రాన్సెస్, జెట్ చాటుగా మంత్రం వేశారు. అది ప్రేమ అని నేను ఒప్పుకోలేను.

వేపచెట్టు:
మైకేల్ సంగతిలో మీరన్నది నిజం. అతను లారీ కింద పడి చనిపోయాక ఆ పెద్దవాళ్లు నిజం చెబుతారే, ఆ సీన్‌లో నాకు వాళ్ల మీద ఇప్పటికీ కోపమే. ఇద్దరు పిల్లల తల్లిని చేసి, ఇలా ప్రేమిస్తుందనుకోలేదంటే ఎలా? గ్యారీ కథ వేరండీ. దర్యాప్తు అధికారి అయిన అతను అరిజోనా నుంచి వచ్చింది జిమ్మీ కేసు కోసం; జిమ్మీ అంటే అక్కచెల్లెళ్ల చేతిలో చనిపోయిన జిలియన్ ప్రియుడు. చేతిలో సాలీ చెల్లెలికి రాసిన ఉత్తరం ఉంది. దాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. అతన్ని కదిలించింది ఆ ఒంటరితనం.

నీలికలువ:
ఉత్తరం అతని చేతిలో పడడం కూడా మంత్రం పనే కావచ్చుగా?

వేపచెట్టు:
కావచ్చు. కానీ తాను చిన్నప్పుడు కోరుకున్నందుకే వచ్చాడేమోనని సాలీ నోరు తెరిచి చెప్పేస్తుంది. తానూ ఆమెను కోరుకున్నానంటాడు అతను. అన్నీ తెలిశాక వెళ్లిపోతాడు, తర్వాత తిరిగొస్తాడు. మైకేల్‌కు ఆ అవకాశమే దొరకలేదు.

తులసికోట:
ఇద్దరూ గ్యారీ దగ్గరే ఆగిపోయారు. శాపం పోయింది అతని వల్ల కాదు కదా! జిలియన్ ఒంట్లోంచి జిమ్మీ ఆత్మను వదిలించడానికి, ఇన్నాళ్లూ ఆ ఇంటిని వెలేసిన ఊరి ఆడవాళ్లే చీపుళ్లు పట్టుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. అక్కచెల్లెళ్లు అరచేతులు కోసుకుని కలుపుకున్నారు. నాకు ఏడుపొచ్చేది అక్కడే. గ్యారీ తిరిగొచ్చేది ఆ తర్వాతే.