అప్‌డేట్: సిరోంచ టేకుతో పెన్ను తయారైంది

లేత్ (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద పెన్ను చేద్దామంటే డ్రిల్ చేసేటప్పుడే టేకు ముక్క కొస పగిలిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన ఉపాయమే పనిచేసింది. ముక్కను అర అంగుళం ఎక్కువ పొడవుంచి, బిట్ అవతలికి తేలకముందే ఆపి, ఆ కొసను రంపంతో కోసేశాను. రంధ్రం అంచు ఎంత శుభ్రంగా వచ్చిందో! 7 మి.మీ. బిట్‌ను మాటిమాటికీ బయటికి తీసి పొట్టు దులుపుతుంటే కర్ర వేడెక్కడం లేదు.

ఇక్కడ మహారాష్ట్రలోని సిరోంచలో వడ్రంగుల దగ్గర తలుపులు చేయగా మిగిలిన టేకు ముక్కలు దొరుకుతాయి. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు కాబట్టి రంధ్రాన్ని ఎసిటోన్‌తో తుడిచి, అందులో దూర్చే ఇత్తడి గొట్టాన్ని ఎమెరీ పేపర్‌తో గీరి, ఎపాక్సీ జిగురు పెట్టాను. గొట్టం కదల్లేదు. ఈ కర్రలో సిలికా కూడా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. సాన పట్టే రాయి పక్కనే ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట: మాండ్రెల్ (లేత్ మీద పెన్ను ముక్కను గుచ్చి పట్టే కడ్డీ) నట్‌ను వేళ్లతో బిగిస్తే చాలు. బలంగా బిగిస్తే కడ్డీ వంగి పెన్ను గుండ్రం తప్పుతుంది. రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, టేకు పొడి గొంతుకు పడదు.

సలహా ఇచ్చిన అన్నలందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు నల్లతుమ్మ ముక్కలు నీడలో ఆరబెట్టాను, పగుళ్లు రాకుండా కొసలకు ఫెవికాల్ పూసి.